మేస్ట్రో గారి అద్దపు డిష్

"మన సాక్షి ఎక్కడ దాక్కున్నాడో, ఆ చిరునామా రేపు ఈ గదిలో పైకి చదువుతారు." చీఫ్ కిటికీ తెరిచి, వీధికి అవతలున్న ఆర్ట్ గ్యాలరీని చూపించాడు. "అతని కోసం వెతుకుతున్న విదేశీ ముఠా వాళ్లు అక్కడి నుంచి వింటారు."

కందిరీగ అనే మారుపేరున్న ఏజెంట్ బైనాక్యులర్స్ ఎత్తాడు. గ్యాలరీలో నిలువెత్తు అద్దపు డిష్. మెరుగుపెట్టిన స్టీలు రేకును మధ్య నుంచి చుట్లు చుట్లుగా తిప్పి, ఒక్కో చుట్టునూ స్క్రూలతో కొంచెం కొంచెం ముందుకు వంచి తెచ్చిన పారాబోలా. దానికి తగిలిన మాట ఒకే బిందువు దగ్గర పోగవుతుంది. అక్కడ అలంకారంగా వేలాడే ఇత్తడి పూసలో మైక్రోఫోన్ ఉంది.

"మీటింగ్ మానేస్తే?"

"మానేసినా, దొంగ చిరునామా చదివినా, మనకు ఉప్పందించిందని డిష్ చేసిన శిల్పిని చంపేస్తారు. జీతం వాళ్లదే గానీ మనిషి మన మనిషి. దాన్ని వాళ్ల చేతులే చెడగొట్టాలి."

ఆ విదేశీ ముఠాకు ఇక్కడి నాయకుడు మేస్ట్రో అని పిలిపించుకునేవాడు. అతనికి గీత గీయడం రాదు. గీసినవాళ్ల పక్కన నిలబడటం మాత్రం బాగా వచ్చు. డిష్ కింద పలక మీద పేరు కూడా అతనిదే.

మర్నాడు కందిరీగ పట్టు స్కార్ఫ్‌తో, కళా విమర్శకుడి వేషంలో వెళ్లాడు. నల్ల గౌనులో మెరిసిపోతున్న శిల్పి అతని పక్కగా నడుస్తూ గుర్తుమాటతో పాటు ఇంకొక్క ముక్క చెప్పింది: బయటి మూడు చుట్లు కదిపితే చాలు.

కందిరీగ డిష్‌ను పైనుంచి కిందికి చూసి పెదవి విరిచాడు.

"ఏమైందండీ?" అన్నాడు మేస్ట్రో.

"ఏం లేదు. బయటికి వెళ్లేకొద్దీ చుట్ల ఎడం పెరిగే గోల్డెన్ స్పైరల్ అనుకుని వచ్చాను. చుట్లన్నీ సమాన దూరంలో ఉన్నాయే. మా ఇంట్లో దోమల కాయిల్ కూడా ఇంతే."

అనుచరుల్లో ఒకడు నవ్వు ఆపుకోలేకపోయాడు. మేస్ట్రో ముఖం కందిపోయింది. బయటి చుట్లు దూరం జరపమన్నాడు. వంపు పోతుందని, ఇక పని చెయ్యదని శిల్పి అందరూ వినేలా వారించింది.

"నాకు నేర్పుతున్నావా, అమ్మాయ్?"

స్క్రూడ్రైవర్ లాక్కుని తానే నిచ్చెనెక్కాడు. వీధికి అవతల మీటింగ్ గదిలో అధికారి చిరునామా ఉన్న కవరు చింపాడు. చివరి స్క్రూ బిగుసుకుపోయింది. కందిరీగ వినయంగా నిచ్చెన పట్టుకున్నాడు. అధికారి కాగితం మడత విప్పాడు. స్క్రూ తిరిగింది.

మేస్ట్రో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. బస్సుల హారన్లు, పక్కగది ఫ్యాను, ఎవరిదో దగ్గు వినిపించాయి. చిరునామా మాత్రం వినిపించలేదు. అనుచరులంతా అతని చేతిలోని స్క్రూడ్రైవర్‌నే చూశారు. శిల్పి వైపు ఎవరూ చూడలేదు.

సాయంత్రం విమానంలో ముఠా అతన్ని వెనక్కి తీసుకెళ్లింది, కళాభిమానంతో కాదు.

ఆపరేషన్‌లో ఏ ఆయుధం వాడావని చీఫ్ అడిగాడు.

"మెచ్చుకోకపోవడం, సర్," అన్నాడు కందిరీగ.