పత్తిచేలో మూడోవాడు

ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నాను. పక్కింటి పిల్ల పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. అందుకే ఈ సంగతి నా బుర్రలోంచి జారిపోకముందే రాసి పెడుతున్నాను.

అది 2003 మార్చి. మిరపకోతల కాలం. సత్తెనపల్లిలో మేమున్న వీధిలో గాలి కూడా ఘాటుగా ఉండేది. మా తమ్ముడు జయరావు విమానదళంలో మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. నా భర్త పోయాక నాతోనే ఉంటున్నాడు. ముందుగదిలో బల్ల వేసుకుని చిన్న చిన్న యుద్ధవిమానాలు తయారు చేయడం వాడి సరదా. ప్లాస్టిక్ ముక్కలు ఆకురాయితో సాపు చేసి, అతికించి, రంగులు వేసేవాడు. అసలు విమానంలో డెబ్బై రెండో వంతు. అరచేతిలో ఇమిడేది.

హైస్కూలువాళ్లు అడిగారని, మా నాన్న పత్తిచేలో విమానం కూలిన దృశ్యాన్ని ఒక చెక్క మీద అమర్చడం మొదలుపెట్టాడు. అది జరిగింది 1944లో, యుద్ధం రోజుల్లో. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వాడు నాలుగు నెలల పసివాడు. కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. రెక్క ఎక్కడ పడింది, తోక ఎటు తిరిగింది, అన్నీ నన్నే అడిగేవాడు. చీపురుపుల్లల కొసలకు దూది అంటించి పత్తిమొక్కలు నేనే చేసిచ్చాను.

నేలకు మాత్రం రంగు పనికిరాదన్నాడు. ఊరెళ్లి ఆ చేలోని నల్లరేగడి సంచినిండా తెచ్చాడు.

"మనుషులు పోయిన చోటి మట్టి ఇంట్లోకి తేకూడదురా," అన్నాను.

"మట్టికేం తెలుసక్కా!" అని నవ్వాడు.

సీట్లలో కూర్చోబెట్టే ఇద్దరు మనుషుల బొమ్మలకు సన్నకుంచెతో రంగు వేసిచ్చాను. "మూడోవాడేడీ?" అని అడిగాను.

"మూడోవాడెవరు? దీనికి రెండే సీట్లు. పోయింది ఇద్దరే. ఊరంతా చెప్పిందదే."

"ఒకడు చేలో నడిచి వెళ్లాడు. నేను చూశాను."

"పొద్దున ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశావు తల్లీ. నీ మాట నమ్మి రికార్డు మార్చమంటావా?"

నవ్వుతూనే అన్నాడు. కానీ గుచ్చుకుంది. ఆ మూడోవాడు అబద్ధమైతే, ఇక నా బుర్రలో ఉన్నదేదీ నిజమని నమ్మడానికి లేదు.

వాడికి చెప్పనిది ఒకటుంది. ఆరోజు అమ్మావాళ్లు చేనుకు అవతలి వైపు పత్తి తీస్తున్నారు. గట్టు మీద తుమ్మచెట్టుకు చీరతో ఊయల కట్టి, తమ్ముణ్ణి పడుకోబెట్టి, నన్ను కాపలా ఉంచారు. విమానం కూలింది. పొగలోంచి ఒకడు లేచాడు. తలకు తోలుటోపీ. వీపు మీద మంట. ఒక్క మొక్కా కదలకుండా సాళ్ల మధ్య నడిచి వస్తున్నాడు... ఊయల వైపు.

నేను పరిగెత్తాను. పసివాణ్ణి వదిలేసి.

పెద్దవాళ్లతో తిరిగొచ్చేసరికి ఊయల్లో పిల్లవాడు కళ్లు తెరుచుకుని ఉన్నాడు. ఏడవడం లేదు. ఒంటి మీద గీత కూడా లేదు. ఆ మనిషి మాత్రం ఎక్కడా లేడు. వదిలేసి పారిపోయానని తెలిస్తే నాన్న చంపేస్తాడని నోరు విప్పలేదు. యాభై తొమ్మిదేళ్లు విప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం జయరావు రంగుసీసా కోసం బజారుకు వెళ్లాడు. తలుపు గడియ పెట్టుకున్నాను. పెట్టుకున్నాననే గుర్తు. వాడి డబ్బాలో మిగిలిన మనిషిబొమ్మ ఒకటి తీసి, కొవ్వొత్తి సెగకు కాళ్లు సాగదీసి, పత్తిసాళ్ల మధ్య జిగురుతో నిలబెట్టాను. వచ్చి చూసుకుంటాడులే, అనుకున్నాను.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. బల్ల దగ్గర్నుంచి మాడిన నూనె వాసన...

భయమేసింది. వంటింట్లో కుంపటి రాజేసి, నాలుగు ఎండుమిరపకాయలు ఆ గదివైపు తిప్పి నిప్పుల్లో వేశాను. మామూలుగా ఒక్క కాయ మాడితే చాలు, గోడ అవతల నుంచి జానీబీ అరుస్తుంది, "ఏంది పిన్నీ, మమ్మల్ని చంపుతావా?" అని.

కాయలు నల్లబడ్డాయి. పొగ లేచింది. ముక్కు పెట్టి పీల్చాను.

ఘాటు లేదు. దగ్గు రాలేదు. దిష్టి ఉంటేనే అలా అవుతుందంటారు. నాలుగూ బూడిదయ్యాయి. గోడ అవతల అలికిడి లేదు.

ముందుగదిలో కుర్చీ కిర్రుమంది.

వెళ్లి చూశాను. జయరావు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. వీధితలుపు గడియ పెట్టే ఉంది.

నేను నిలబెట్టిన బొమ్మ సాళ్లలో లేదు. చెక్క అంచున చిన్న తుమ్మచెట్టు. కొమ్మకు గుడ్డపేలికతో ఊయల. నేరేడుపండు రంగు. అమ్మ చీరది ఆ రంగే. ఊయల మీదికి వంగి... మూడోవాడు.

"ఇది... నీకెవరు చెప్పార్రా?"

"గుర్తుంది."

"నాలుగు నెలల పిల్లాడివి..."

"నువ్వు పరిగెత్తావు," గుసగుసలాడాడు. "వెనక్కి తిరిగి చూడలేదు. పచ్చ పరికిణీ. చేలోంచి కనిపించింది."

చేలోంచి. ఊయల్లోంచి కాదు.

అయితే నేను చూసింది నిజమే. నా జ్ఞాపకం చెడిపోలేదు. ఆ మాట కోసమే కదా ఇంత తపించాను... మర్చిపోయి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

"మరి... నా తమ్ముడు?" అన్నాను.

జిగురు ఆరడానికి మెల్లగా ఊదుతున్నాడు.

వేలు చాచి ఊయల గుడ్డ తొలగించబోయాను. లోపల బియ్యపుగింజంత ఏదో తగిలింది. ప్లాస్టిక్ కాదు.

మెత్తగా... వెచ్చగా...

"ముట్టుకోకక్కా," అన్నాడు. "లేస్తాడు."