చేటెడు నూకలు

సహస్రకి పగలంటే ఎంత ఇష్టమో రాత్రంటే అంత పగ. పొద్దంతా మూట కట్టి పడేసినట్టు నిద్రపోయేది. వీధిలో సిమెంటు లారీ కూతలు పెడుతూ వెనక్కి వచ్చినా, పక్క ప్లాటులో రాళ్ళు కోసే మిషను చెవులు చిల్లులు పొడిచినా కదిలేది కాదు. దీపాలు పెట్టే వేళకి మాత్రం ఎవరో గిల్లినట్టు లేచేది. ఇక తెల్లారేదాకా అదే రాగం.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్ళే దారిలో లోపలికి తిరిగితే వచ్చే కొత్త కాలనీ అది. ఇళ్ళ కంటే హద్దురాళ్ళే ఎక్కువ. హరిచందన వాళ్ళు అద్దెకుండే ఇల్లు చిట్టచివరి వరసలో ఉంది. వెనక తలుపు తీస్తే ప్రహరీ కూడా లేదు. చదును చేసిన ప్లాట్లు, వాటి అవతల ఇంకా ఎవరూ కొనని మొక్కజొన్న చేను. భర్త జయకృష్ణకి తుర్కపల్లిలో మందుల కంపెనీలో ఉద్యోగం. ఈ నెలంతా నైట్ షిఫ్టు. చీకటి పడకముందే కంపెనీ క్యాబ్ వచ్చి ఎక్కించుకుపోతుంది, తెల్లారాక దించిపోతుంది. అంచేత రాత్రి అనేది హరిచందనకీ, నాలుగో నెల నడుస్తున్న పిల్లకీ మధ్య యుద్ధంగా మిగిలింది.

చేయని వైద్యం లేదు. డాక్టరు చుక్కల మందు రాసి, "గ్యాసమ్మా, పెరిగేకొద్దీ అదే పోతుంది" అన్నాడు. బొడ్డు చుట్టూ ఇంగువ రాసింది. ఫోనులో వాన చప్పుడు పెట్టింది, పిల్ల ఆ వాన కంటే గట్టిగా ఏడిచింది. దిష్టి తీసి మిరపకాయలు కాలిస్తే దగ్గు తల్లికే వచ్చింది. పిల్లని భుజాన వేసుకుని గదుల మధ్య తిరిగి తిరిగి, ఒక్కోసారి తను నడుస్తోందో నిలబడి నిద్రపోతోందో తెలిసేది కాదు. ఒక రాత్రి సగం నిద్రలో, "ఎవరైనా తీసుకుపోండి బాబూ దీన్ని" అని పైకే అనేసింది. అన్నాక తనే నాలిక కరుచుకుంది.

తణుకు నుంచి అత్తగారు సీతామహాలక్ష్మి ఫోన్ చేసింది.

"అమ్మేసెయ్యవే అమ్మాయ్."

"ఏంటత్తయ్యా?"

"పిల్లనే. చేటెడు నూకలకి ఎవరికైనా అమ్మేసి మర్నాడు కొనుక్కో. మీ ఆయన్ని అలాగే అమ్మాను. మా ఎదురింటావిడ కొంది. ఆ రాత్రి పడుకున్నవాడు ఇప్పటికీ సరిగ్గా లేవడు."

"అది మాత్రం నిజం," అంది హరిచందన. చాలా రోజుల తరవాత నవ్వొచ్చింది.

"నవ్వకు. పిల్ల మీద దేని కన్నో పడుతుంది. ఈ పిల్ల ఈ ఇంటిది కాదు, అమ్మేశారు అనుకుంటే విడిచిపెట్టి పోతుంది. దొడ్డి గుమ్మంలోంచి ఇవ్వాలి, నూకలు పుచ్చుకోవాలి. మర్నాడు ఆ నూకలు తిరిగిచ్చి వీధి గుమ్మంలోంచి తెచ్చుకోవాలి. పిల్లలున్నావిడని చూసి ఇవ్వు."

ఆ కాలనీలో హరిచందనకి మాటలున్నది బాలమణి ఒక్కర్తెతోనే. ఈ ప్లాట్లన్నీ ఒకప్పుడు వాళ్ళ పొలాలే. మొగుడు జనార్ధన్ ఇప్పుడు రియల్ ఎస్టేటు. మలుపులో పెద్ద ఇల్లు వాళ్ళది. హరిచందన వెళ్ళి, సిగ్గుపడుతూ విషయం చెప్పింది. బాలమణి నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మా దిక్కు గూడ ఉన్నది బిడ్డా గసొంటిది. పుట్టినోళ్లు దక్కకపోతె పెంట మీద పండవెట్టి తెచ్చుకుంటరు. గందుకే మా మేనమామ పేరు పెంటయ్య. ఇప్పుడు కారేసుకోని తిరుగుతడు, గా పేరువెట్టి పిలిస్తె మొకం మాడ్చుకుంటడు."

"మరి మీరు కొంటారా ఆంటీ?"

"ఎందుకు కొన? చెక్కర తీర్గున్నది పోరి. మాపటికి నూకలు వట్టుకోని ఎనకనుంచి వస్త."

జయకృష్ణ క్యాబ్ ఎక్కి వెళ్ళిపోయాడు. చీకటి పడింది. సహస్ర మొదలుపెట్టింది. వెనక గుమ్మం బయట బల్బు మాడిపోయి చాలా కాలమైంది, మారుస్తా మారుస్తా అనడమే గానీ జయకృష్ణకి కుదరలేదు. వంటింట్లో లైటు వెలుగు గడప దాకా వచ్చి ఆగిపోతోంది. హరిచందన పిల్లని ఎత్తుకుని అక్కడే నిలబడింది. చేను వైపు నుంచి గాలి వచ్చి ఆకులు గరగరమంటున్నాయి.

"బిడ్డా."

అంత ఏడుపులోనూ ఆ పిలుపు స్పష్టంగా వినిపించింది.

"రండాంటీ, మీ కోసమే చూస్తున్నా."

ఆమె గడప అవతల చీకట్లో నిలబడింది. తల మీంచి కొంగు. చేతుల్లో చేట. పురిటి గదుల్లో ఉంటుందే, వాము పొగ, వెల్లుల్లి, ఆముదం కలిసిన వాసన... అది గుప్పుమంది. ఎవరో బాలింతని చూసి వస్తున్నట్టుంది అనుకుంది హరిచందన.

"లోపలికి రండి."

"రాను. ఈడనే ఇయ్యి."

పద్ధతి కాబోలు అనుకుంది. చేట అందుకుని లోపల గట్టు మీద పెట్టింది.

"బిడ్డనిస్తవా?"

"ఇస్తానండీ."

"మల్ల అడుగవు గద?"

హరిచందన పుట్టి పెరిగిన చోట పిల్లని ఎవరి ఒళ్ళో పెట్టినా అనే మాట ఒకటుంది. ఆలోచించి అనేది కాదు, నోటికి అలవాటైన మర్యాద. "అయ్యో, మీ బిడ్డే అనుకోండి," అంది.

చీకట్లోంచి రెండు చేతులు వచ్చి పిల్లని అందుకున్నాయి.

ఏడుపు ఆగింది. తగ్గుతూ తగ్గుతూ ఆగడం కాదు. గుక్క మధ్యలో, దారం కత్తిరించినట్టు తెగిపోయింది. ఆమె పిల్లని మొహానికి దగ్గరగా తీసుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది. తరవాత గడప మీంచి తిరిగి చేతికిచ్చింది.

"పండుకున్నది. నా బిడ్డ పైలం."

పాలు తాగే పిల్ల కదా, అందుకే రాత్రికి ఉంచుకోకుండా ఇచ్చేసింది కాబోలు అనుకుని, "జాగ్రత్తగానే చూసుకుంటానండీ," అంటూ హరిచందన నవ్వుతూ తలుపేసుకుంది.

ఆ రాత్రి సహస్ర కదలలేదు. హరిచందన పెళ్ళికి ముందు పడుకున్నట్టు పడుకుంది. పొద్దున లేచేసరికి ఒళ్ళంతా తేలిక, కడుపులో చెప్పలేనంత ఆకలి. గట్టు మీద చేట కనిపించింది. సన్నగా, తెల్లగా, ఈ మధ్య కొట్లో దొరకని రకం నూకలు. తిరిగివ్వాల్సినవేనని గుర్తుంది. నూకలకేం, కిరాణా కొట్లో కొని అన్నే కొలిచి ఇచ్చేస్తే సరి అనుకుంది. పెసరపప్పు వేసి, ఇంగువ పోపుతో ఉప్పుపిండి చేసుకుని, గిన్నె గీకి మరీ తినేసింది. తిన్నాక పిల్లకి పాలిచ్చింది. జయకృష్ణ వచ్చి, క్యాంటీన్లో తిన్నానని మంచమెక్కాడు.

కాసేపటికి వీధి గేటు చప్పుడైంది. బాలమణి. చేతిలో స్టీలు గిన్నె.

"కోపం జెయ్యకు బిడ్డా. నిన్న మేడ్చల్ల మా ఆడబిడ్డ మనుమరాలి పుట్టెంటికలు. జల్దీ ఇంటికి పోదమంటె మా ఆయిన లేవనే లేవడు. ఇంటికొచ్చేటాలకు నడిరాత్రి అయ్యింది. ఇగో, నూకలు తెచ్చిన."

హరిచందన తల తిప్పి వంటింటి వైపు చూసింది.

నిన్న వచ్చిన మనిషి తను ఫలానా అని చెప్పలేదు. ఆంటీ అన్నది తనే. మొహం చూడలేదు. ఆ యాస చెవిన పడగానే బాలమణి అనేసుకుంది. వచ్చి ఇన్నాళ్ళైనా ఇక్కడి ఆడవాళ్ళందరి గొంతూ ఆమెకి ఒకటే గొంతు.

జరిగింది చెప్పింది. పనిమనుషులెవరైనా అయ్యుంటారు గదా అంది. ఈ చుట్టుపక్కల బాలింతలెవరైనా ఉన్నారా అనడిగింది.

"ఇక్కడ బాలింతలు ఎవ్వరు లేరు," అంది బాలమణి. ఆమె మొహంలో నవ్వు పోయింది. "ముట్టుకోంగనే ఆగిందా ఏడుపు?"

"ఆఁ."

"నిన్నేమన్నది?"

"మళ్ళీ అడగవు కదా అంది."

బాలమణి గిన్నె గేటు పక్క గోడ మీద పెట్టింది. రోజూ రాగానే పిల్లని ఎత్తుకునే మనిషి, ఇవాళ చేతులు చాచలేదు. "మాపటికి ఎనక తలుపు తియ్యకు," అని మాత్రం అని, గబగబా వెళ్ళిపోయింది. తరవాత ఫోన్ చేస్తే ఎత్తలేదు.

అత్తగారు ఎత్తింది. అంతా విని, "ఎవరికి అమ్మామో వాళ్ళ దగ్గరే కొనుక్కోవాలే. పోనీ ఆ నూకలు జాగ్రత్తగా ఉన్నాయా?" అంది.

"తినేశానత్తయ్యా."

"మావాణ్ణి ఇవాళ డ్యూటీకి వెళ్ళొద్దను," అని పెట్టేసింది.

సాయంత్రం అంతా విని జయకృష్ణ షూ లేసులు కట్టుకుంటూ, "పిల్ల నిద్రపోయిందని భయపడే తల్లిని నిన్నే చూశా చందూ. బ్యాచ్ మధ్యలో ఉంది, సెలవివ్వరు. గడియ పెట్టుకుని పడుకో," అన్నాడు. క్యాబ్ హారన్ వినిపించింది.

వెనక తలుపుకి పై గడియ, కింది గడియ రెండూ వేసింది. ఇంట్లో ఉన్న లైట్లన్నీ వేసింది. సహస్ర లేచే వేళ అయింది. లేచింది. ఏడవలేదు. తల తిప్పి వంటింటి వైపు చూస్తూ పడుకుంది. రోజూ ఈ వేళకి ఇల్లు ఎగిరిపోయేది. ఏడవ్వే, ఒక్కసారి ఏడవ్వే తల్లీ అని మనసులో అనుకుంది హరిచందన.

వాము పొగ వాసన వచ్చింది.

మూసిన తలుపు సందుల్లోంచి, మెల్లగా... వంటిల్లంతా నిండి, హాల్లోకి.

"బిడ్డా."

హరిచందన పలకలేదు.

"బిడ్డా... నా బిడ్డేది?"

పిల్లని గుండెకి అదుముకుని, బాలమణి వదిలివెళ్ళిన గిన్నె పట్టుకుని వెనక తలుపు దగ్గర కూర్చుంది.

"ఇవిగోండి నూకలు," అంది గుసగుసగా. "తిరిగిచ్చేస్తున్నా. నా పిల్లని నేను కొనుక్కుంటున్నా. మీకు దణ్ణం పెడతా, తీసుకుని వెళ్ళిపోండి."

తలుపు కింద సందులోంచి గుప్పెడు గుప్పెడుగా నూకలు అవతలికి తోసింది. గిన్నె ఖాళీ అయింది.

హరిచందన తలుపుకి చెవి ఆనించింది.

తరవాత అవతల చప్పుడు. నేల మీద వేళ్ళతో నూకలు కెలుకుతున్న చప్పుడు. ఒక్కొక్క గింజా చూస్తున్నట్టు... నిదానంగా.

"ఇవి నావి గావు."

"నూకలే కదండీ..."

"నావి ఏవి?"

అబద్ధం చెబుదామనుకుంది. కానీ చివరికి "తిన్నాను," అంది.

అవతల ఊపిరి వినిపించింది. తలుపుకి ఆనుకుని, సరిగ్గా తను కూర్చున్న ఎత్తులో.

"నువ్వు తిన్నవు." గొంతులో కోపం లేదు. బుజ్జగిస్తున్నట్టుంది. "నీ పాలు అది తాగింది... ఇగ ఎట్ల తిరిగిస్తవ్?"

సహస్ర ఏడుపు మొదలుపెట్టింది.

ముందెప్పుడూ వినని ఏడుపు. ఒళ్ళంతా కొయ్యలా బిగిసిపోయింది. హరిచందన లేచి పడగ్గదిలోకి పరుగెత్తింది, ఆ తలుపూ వేసింది. రొమ్ము నోటికందిస్తే పిల్ల మొహం తిప్పుకుంది. మళ్ళీ అందించింది. రెండు చేతులతో నెట్టేసింది. అంత చిన్న చేతుల్లో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియలేదు. హరిచందన చున్నీ తీసి, పిల్లని తన ఒంటికి చుట్టి, నడుము దగ్గర ముడి మీద ముడి వేసింది. గోడకి వీపు ఆనించి కూర్చుంది.

"నా పిల్లవే నువ్వు. నా పిల్లవి."

ఏడుపు. ఇంటి చుట్టూ ఎవరో నడుస్తున్నారు. కిటికీ దగ్గర ఆగుతున్నారు. మళ్ళీ నడుస్తున్నారు. ఏదో పాట, మాటలు లేని కూనిరాగం. ఆ రాగం దగ్గరైనప్పుడు పిల్ల ఏడుపు తగ్గుతోంది. దూరమైతే పెరుగుతోంది. హరిచందన తనకి తెలిసిన జోలలన్నీ పాడింది. గొంతు బొంగురుపోయేదాకా పాడింది. ఏ ఒక్కదానికీ పిల్ల తగ్గలేదు. ఎన్నిసార్లు రొమ్ము అందించినా ముట్టలేదు.

ఎప్పుడో రాగం ఆగింది. కిటికీ అవతలే కాదు, అసలు ఎక్కడా వినిపించలేదు.

పిల్ల కూడా ఆగింది. కళ్ళు మూసుకుంది. హరిచందన కన్ను మూయలేదు. ముడి మీంచి చెయ్యి తీయలేదు. కిటికీ అద్దం నల్లగా ఉండి, బూడిద రంగై, తెల్లబడేదాకా ఆ మొహాన్నే చూస్తూ కూర్చుంది.

క్యాబ్ తలుపు వేసిన చప్పుడు. జయకృష్ణ తన తాళం చెవితో వీధి తలుపు తీసుకుని వచ్చాడు. గదిలో ఆమెని చూసి నిలబడిపోయాడు.

"ఏంటిది? రాత్రంతా ఇలాగే ఉన్నావా?"

"ముడి విప్పు," అంది. "నా వేళ్ళు రావట్లేదు."

అతను కింద కూర్చుని పళ్ళతో పట్టి లాగి ఒక్కొక్క ముడీ విప్పాడు. సహస్రని తీసి భుజాన వేసుకుని వీపు నిమిరాడు. పిల్ల కళ్ళు తెరిచి నవ్వింది. పెద్దగా త్రేన్చింది. పెదవి చివర్నించి పాలు పొంగి అతని చొక్కా మీదుగా జారాయి.

"కడుపు పట్టనంత పట్టించావుగా," అన్నాడు తుడుచుకుంటూ. "అందుకే ఇంత హాయిగా ఉంది బంగారం."

హరిచందన గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. పాలు గడ్డకట్టి రొమ్ములు రెండూ రాళ్ళలా సలుపుతున్నాయి. రాత్రి నుంచి ఆ పిల్ల ఆమె దగ్గర ఒక్క చుక్క తాగలేదు.