గిన్నె మూతి కర్ర

లంచ్ బెల్ అయ్యాక క్లాసంతా బల్ల చుట్టూ మూగింది. మర్నాడు పాత వస్తువుల ప్రదర్శన. తుప్పు పట్టిన తాళం, మూగబోయిన రేడియో, చేత్తో తిప్పే కుట్టుమిషను వరసగా ఉన్నాయి. చివర రెండు మూరల నల్ల కర్ర. ఒక కొన సన్నం. ఇంకో కొన చిన్న గిన్నెలా ఉంది.

"ఇదేంటి, గరిటా?" అన్నాడు వెనక బెంచీ పొడుగోడు.

"పాతకాలం డాక్టర్ల స్టెతస్కోపు," అంది డిక్షనరీ. దేనికైనా ఠక్కున జవాబు చెబుతుందని క్లాసు ఆ పిల్లకి పెట్టిన పేరది.

"ఇంత పొడుగా?"

"అప్పట్లో అంటురోగాలు కదా. డాక్టర్లు దూరంగా నిలబడేవాళ్లు."

స్టెతస్కోపు అన్నది ఫోనులో ఫొటో పెట్టి వెతికితే వచ్చిన మాట. రెండోది అప్పటికప్పుడు అల్లింది. కర్ర మాత్రం మంచం కింద నాన్న పెట్టెలోది. ఎవరినీ అడగలేదు.

టీచర్ మురిసిపోయింది. "మొదటి బహుమతి నీకే వచ్చేలా ఉంది. రేపు నాన్నగారిని తీసుకురా."

"మా నాన్నకి ఇలాంటివి తెలీవు టీచర్. పైపుల కోసం గోతులు తవ్వుతాడు."

సాయంత్రం నాన్న మోకాళ్ల దాకా మట్టితో వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. వీధికి నీళ్లు లేక అది మూడో రోజు.

"లీకు దొరికిందా?" అంది అమ్మ.

"మూడు చోట్ల తవ్వాం. అంతా పొడి మట్టే. వెతికే మిషను పాడై నెలయింది. కాగితాలు రాస్తూనే ఉన్నారు. రేపు ఇంకోచోట అందాజుగా తవ్వమన్నాడు సారు. తవ్వేది ఆయన కాదుగా."

"మామయ్యగారి కర్ర ఉండాలిగా?"

"దానికోసమే మధ్యాహ్నం ఇంటికొచ్చా. పెట్టెలో లేదు. ఎక్కడ పారేశానో ఏమో."

చదువుతున్న పుస్తకంలోంచి డిక్షనరీ తల ఎత్తలేదు. "అదేం కర్ర నాన్నా?"

"మీ తాతది. సన్న కొన పైపుకో, దాని పైన నేలకో ఆనించి, గిన్నె మూతి చెవికి పెట్టుకుంటే, లోపల నీళ్లు కారే చప్పుడు వినపడుతుంది."

ఆ పిల్ల పేజీ తిప్పింది. ఒక్కరోజు ఊరుకుంటే చాలు. బహుమతి వస్తుంది. తర్వాత కర్ర పెట్టెలో పెట్టేస్తే ఎవరికీ తెలీదు.

నాన్న మగ్గుడు నీళ్లతో చేతులు కడుక్కుంటున్నాడు. సగం మగ్గుకే ఆపేసి, మిగతాది బకెట్లో పోశాడు. మట్టి పూర్తిగా పోలేదు.

"బళ్లో ఉంది నాన్నా," అంది. "ప్రదర్శనకి పట్టుకెళ్లా. డాక్టర్లదని చెప్పా."

నాన్న కోప్పడలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి. "ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణిగా."

"నీకు తెలీదనుకున్నా."

బూటు లేసు విప్పుతున్న వేళ్లు ఆగాయి. "ఊఁ," అని మళ్లీ విప్పుకున్నాడు.

పొద్దున్నే ఇద్దరూ బడికి వెళ్లి వాచ్‌మన్‌తో క్లాసు తలుపు తీయించి కర్ర తెచ్చుకున్నారు. వీధిలో నాన్న వాల్వు దగ్గర వంగి కర్రకి చెవి ఆనించాడు. నాలుగు అడుగులు, మళ్లీ వినడం. చివరికి వీధి మలుపులో ఆగి, ఆ పిల్లని పిలిచాడు.

"విను."

ముందు ఏమీ లేదు. తర్వాత, ఎక్కడో లోతున, సన్నగా, ఆగకుండా సుయ్‌మన్న చప్పుడు.

"ఇక్కడే," అన్నాడు నాన్న, సుద్దతో గీత గీస్తూ. "ఇక బడికి పో. ఇది నాకు సాయంత్రం దాకా కావాలి."

బడిలో బల్ల మీద కుట్టుమిషను పక్కన ఖాళీ. పిల్లల అమ్మానాన్నలు అప్పుడే లోపలికొస్తున్నారు. డిక్షనరీ తన నోట్సులోంచి కాగితం చింపి, రాసి, ఆ ఖాళీలో పెట్టింది.

"ఇక్కడ ఉండాల్సింది నీళ్ల లీకు వెతికే కర్ర. డాక్టర్లదని నిన్న నేను చెప్పింది తప్పు. మా నాన్నని అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడది పనిలో ఉంది. చూడాలంటే మా వీధి మలుపు దగ్గరికి రండి."