ఖాళీ గది చప్పుడు

పొద్దున లేవగానే పరుపుని కూడా లేపి గోడకి ఆనించింది కూతురు. కిటికీకి రెండు దుప్పట్లు వేలాడదీసింది. తలుపు కింది సందులో తువాలు కుక్కింది. బీరువా పక్కన ఆ మూలే ఆమె స్టూడియో.

ప్రకటనలకి గొంతు ఇవ్వడం ఆమె పని. సబ్బుకీ, చెప్పులకీ, పళ్ళ డాక్టరుకీ, ఎవరు అడిగితే వాళ్ళకి. ఈ ఫ్రీలాన్సింగ్ మీద వచ్చేదాంతో సొంతంగా ఆన్‌లైన్ మార్కెటింగ్ మొదలుపెట్టాలని పట్టుదల. పెద్ద కంపెనీలకి కాదు. దర్జీలకి, తాళాలు బాగుచేసేవాళ్ళకి, పని బాగా వచ్చినా ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడం రానివాళ్ళకి. కిటికీ తెరలు అమ్మే కంపెనీ ఒకటి, ఈ రోజు పంపే రికార్డింగ్ నచ్చితే ఏడాది పొడవునా పని ఇస్తానంది. అది చేతికొస్తే అద్దెకి ఒక గది, గది ముందు తన బోర్డు.

"చిన్నీ, టీ తాగి మొదలుపెట్టవే," తలుపు సందులోంచి తల్లి గుసగుసలాడింది. ఆ ఇంట్లో తల్లి పూర్తి గొంతుతో మాట్లాడగా విన్నవాళ్ళు లేరు.

"నాన్న లేచాడా?"

"లేచారు. షెడ్డుకి వెళ్ళేదాకా ఆగు."

"ఆగితే నా పని గోవిందా అమ్మా. మధ్యాహ్నానికల్లా పంపాలి."

తండ్రి రేకుల మేస్త్రి. ఇంటి వెనక షెడ్డులో నీళ్ళ తొట్లు, పొగగొట్టాలు, డబ్బాలు, రేకుతో ఏదైనా చేస్తాడు. ఏళ్ళ తరబడి రేకు మీద సుత్తి మోగించి కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి సగం పోగొట్టుకున్నాడు. "పాపం, గొంతు ఎంత లేస్తోందో ఆయనకి తెలీదు" అనేవాళ్ళు చుట్టాలు. చెయ్యి ఎంత లేస్తోందో కూడా తెలీదా అని ఒక్కరూ అడగలేదు.

కూతురు మైకు ముందు కూర్చుంది. "బయటి గోల బయటే ఉండనివ్వండి. మీ ఇంటి ప్రశాంతత మీది." బాగా వచ్చింది. ఇక మిగిలింది ఖాళీ గది చప్పుడు. గొంతు పని చేసేవాళ్ళు మాటలు చదివాక, ఎవరూ మాట్లాడని గదిని కూడా కాసేపు రికార్డు చేసి పంపాలి. రికార్డింగులు సరిచేసే ఎడిటర్ మేడమ్ దాని సాయంతోనే మాటల వెనక గీరలూ గురగురలూ తుడిచేస్తుంది. కూతురు మైకు ఆన్‌లోనే వదిలేసి, చప్పుడవుతుందని తలుపు మూయకుండానే పిల్లిలా బయటికొచ్చి, తల్లికి వేలు పెదవుల మీద పెట్టి చూపించింది.

అప్పుడే తండ్రి, పెరట్లో రేకు ముక్కలన్నీ కెలికి, వంటింట్లోకి వచ్చాడు.

"నా కత్తెరేదే?" ఇల్లదిరింది.

తల్లి ఆయన చేతి వైపు చూసింది. పెదవులు కదిలాయి.

"ఏంటే గొణుగుతున్నావ్? నన్నే తిడుతున్నావా?"

తల్లి పెదవులు మళ్ళీ కదిలాయి. ఆయన విసిరిన కంచం గోడకి తగిలి రెండుగా వంగింది. ఆ తర్వాత దెబ్బ. తల్లి వెళ్ళి పొయ్యి గట్టు అంచుకి తగిలింది. కనుబొమ్మ చిట్లింది. కూతురు మధ్యలోకి దూరితే రెండో దెబ్బ ఆమె చెంప మీద పడింది. ఆయన తలుపుని తన్నుకుంటూ షెడ్డుకి వెళ్ళిపోయాడు.

తల్లి నుదుటికి గుడ్డ కట్టి, నేల తుడిచి, కూతురు మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చునేసరికి గడువు నెత్తి మీదికొచ్చింది. మైకు ఆపి, ఉన్నవన్నీ కలిపి, వినకుండానే పంపేసింది. ఖాళీ గది చప్పుడుని వినేదెవరు?

ఎడిటర్ వింది.

తండ్రి భోజనానికి వచ్చి కూర్చున్న వేళ ఫోన్ మోగింది. "అమ్మాయ్, గొంతు బాగుంది. కానీ నువ్వు పంపిన గది ఖాళీగా లేదు."

"మేడమ్, అది... పని పోయినట్టేనా?"

"పని సంగతి తర్వాత. నువ్వెలా ఉన్నావ్? ఆ దెబ్బ తిన్నావిడ ఎలా ఉంది? అమ్మేనా? సాయానికి మనుషుల్ని పంపమంటావా?"

"సాయంత్రందాకా చూడండి. నా ఫోన్ రాకపోతే పంపండి."

తండ్రికి మాటలు వినపడలేదు. కూతురి కళ్ళల్లో నీళ్ళు కనపడ్డాయి. "ఎవరితోనే ఇంటి గుట్టు చెప్పుకుంటున్నావ్?" అంటూ గదిలోకి దూసుకొచ్చాడు. దుప్పట్లు పీకాడు. పరుపుని కాలితో తన్ని పడగొట్టాడు. మైకు స్టాండుని ఎత్తి నేలకేసి బాదాడు. మైకు జాలీ నొక్కుకుపోయింది, స్టాండు కడ్డీ వంగింది.

"బీరువాతో కబుర్లాడే ఉద్యోగం! మైకులమ్మ వ్యాపారం! నా ఇంట్లో నా మీదే..."

కూతురు వంగిన కడ్డీ అందుకుంది. ఇంతకుముందెప్పుడూ అందుకోలేదు. ఆయన వెనక్కి అడుగేశాడు, వీపు బీరువాకి తగిలింది. కడ్డీ ఆయన తల పక్కన బీరువా తలుపు మీద పడింది. రేకు సొట్టపోయింది. మళ్ళీ ఎత్తింది. ఈసారి పక్కన వెయ్యాలని లేదు.

తల్లి ఆమె మణికట్టు పట్టుకుంది. "వద్దే తల్లీ. చేతికి ఆ రుచి తగిలితే వదలదు."

కడ్డీ కింద పడింది. కూతురు హెడ్‌ఫోన్స్ తీసి, తండ్రి తలకి తగిలించి, పొద్దుటి రికార్డింగ్ పెట్టి, చప్పుడు ఆఖరుదాకా పెంచింది. "విను! నీ ఇంటి ప్రశాంతత, విను!"

ఆయన తీసెయ్యబోయాడు. ఆమె రెండు చేతులతో అదిమి పట్టింది.

ముందు ఒక అరుపు. కుక్క మీద కూడా ఎవరూ అలా అరవరు. దాని వెనక, ఏళ్ళుగా ఆయన చెవిన పడని చిన్న గొంతు: "మీ వేలు తెగిందండీ. రక్తం కారుతోంది. ఇటివ్వండి, కట్టు కడతా." మళ్ళీ అరుపు. మళ్ళీ ఆ గొంతు: "తిట్టట్లేదండీ, వేలు చూసుకోండి." కంచం వంగిన చప్పుడు. దెబ్బ. ఒళ్ళు గట్టుకి తగిలిన చప్పుడు. ఇంకో దెబ్బ. చివర్న అదే గొంతు, ఏడుపు మింగుతూ: "నాకేం కాలేదు చిన్నీ. నీ పని పాడైందా?"

ఆయన తన వేలు చూసుకున్నాడు. ఎండిన రక్తం. తెగిందని అప్పుడే తెలిసింది.

"ఆ అరిచేదెవరు?" అన్నాడు.

"నువ్వే నాన్నా."

"తిడుతోందనుకున్నానే. ఇన్నేళ్ళూ, మూతి కదిలినప్పుడల్లా తిడుతోందనే..."

"తిడితే మాత్రం? తిడితే కొడతావా?"

ఆయన బీరువాకి జారగిలబడి కూర్చున్నాడు. ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. ఆ ఏడుపుతో చిట్లిన కనుబొమ్మ అతుక్కోదు.

చాలాసేపటికి లేచి, వంగిన కడ్డీ షెడ్డుకి తీసుకెళ్ళి, తిన్నగా చేసి తెచ్చాడు. మైకు జాలీ సొట్టని లోపల్నుంచి మేకు మొనతో కొంచెం కొంచెంగా పైకి నెట్టాడు. పరుపు లేపి గోడకి ఆనించాడు. కూతురు మైకు తగిలించి చూసింది. పనిచేస్తోంది.

ఆమె ఎడిటర్‌కి ఫోన్ చేసింది. "ఇద్దరం బాగానే ఉన్నాం మేడమ్. ఈ రాత్రికి మళ్ళీ ఫోన్ చేస్తా."

"చెయ్యకపోతే నేను చేస్తా. ఏడాది పని నీదే. గొంతు వాళ్ళకీ నచ్చింది. కానీ ఖాళీ గది చప్పుడు మళ్ళీ పంపు. ఈసారి నిజంగా ఖాళీది."

ముగ్గురూ కూర్చున్నారు. కూతురు మైకు ఆన్ చేసింది. దూరంగా ఏదో బండి వెళ్ళింది. కుళాయి చుక్క ఒకటి పడింది. తండ్రి ఊపిరి బిగబట్టాడు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

"అయిందా?" అంది తల్లి. గుసగుస కాదు. గది నిండిపోయే గొంతు. కూతురు ఉలిక్కిపడి చూసింది.

"అయిందమ్మా. ఆపేస్తున్నా."

"ఆపకు. ఉండనీ. ఏవండీ, ఇవాళ్టినుంచి మీరు షెడ్డులో పడుకోండి. చెవులు డాక్టరుకి చూపించుకోండి. చెవులు పోయాయంటే ఓర్చుకున్నాను. చేతికేం పోయింది? అది మళ్ళీ లేస్తే, ఆ మేడమ్ పంపే మనుషుల్ని నేనే పిలుస్తాను. ఇంకా చాలా ఉంది. ఇన్నేళ్ళది ఉంది. వింటారా?"

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, తలతిప్పి, సగం మిగిలిన ఎడమ చెవిని ఆమె వైపు పెట్టాడు.

"చెప్పు," అన్నాడు, మొదటిసారి మెల్లగా.

మైకు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.