పిత్తానికి మళ్ళీ పిత్తమా

"పిత్తం ముదిరి మా అమ్మ లివరు పాడైతే, మళ్ళీ పిత్తమే మాత్రలు చేసి అమ్ముతారేటండీ?"

ఓంకార్ మాత్రల డబ్బా కౌంటర్ మీద పెట్టాడు. గోల్ బజార్‌లోని ఆ మందుల షాపుకి ఆర్నెల్లుగా అమ్మ మాత్రల కోసం వస్తూ, కౌంటర్‌లో ఉండే ఝాన్సీతో ఇంకో రెండు నిమిషాలు మాట్లాడ్డానికి లేని దగ్గు తెచ్చుకున్న అసిస్టెంట్ లోకో పైలట్ ఇతనే. ఇవాళ పోట్లాటకొచ్చాడు.

"ఎవరు చెప్పారు మీకు?"

"డబ్బాలో కాగితం ఉంది కదా. బైల్ ఆసిడ్ అని రాసుంది, బైల్ అంటే పిత్తమే. అందుకే మానిపించీసేను. ఇరవై రోజులై పథ్యం పెడుతున్నాం. పిత్తం అదే దిగుతాది."

ఝాన్సీ మొహంలో నవ్వు పోయింది. "డాక్టర్‌ని అడగకుండానా?"

అతను డబ్బాని కౌంటర్ మీద అటూ ఇటూ జరిపాడు.

"మీ అమ్మగారి లివర్లో పిత్తం కదలక నిలిచిపోతోంది. ఆ ఘాటుకి కణాలు చచ్చిపోతున్నాయి. ఈ మాత్రలో ఉన్నదీ పిత్తంలోదే, కానీ సాధువైన రకం. కణాలు చావకుండా అడ్డం పడేది ఇదే. కాపలా ఉన్నోడిని మీరే ఇంటికి పంపించీసినారు."

బయట వాన మొదలైంది. ఆమె తిట్టినా బాగుండేదనిపించింది ఓంకార్‌కి.

"పొద్దున్న బ్లడ్ టెస్టు ఇచ్చాం. నాలుగింటికి రిపోర్టు, ఇంకో గంటుంది," అన్నాడు మెల్లగా.

ఆ గంటసేపూ స్టూలు మీద కూర్చుని ఫోన్ చూశాడు, వానని చూశాడు, ఆమెను చూశాడు. ఆమె డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి వచ్చి, మళ్ళీ చూపు తిప్పుకుంది.

రిపోర్టు వచ్చింది. తెరిచే ధైర్యం లేక ఫోన్ ఆమెకే ఇచ్చేశాడు.

"అంకెలు బాగా పెరిగాయి," అంది ఝాన్సీ. ఫోన్ తిరిగిస్తూ, "చెయ్యి దాటలేదు. డాక్టర్ ఇవాళే మొదలెట్టమన్నారు."

"అమ్మకి ఏ మొహంతో చెప్పను? నా మాట నమ్మి మానీసింది."

"ఉన్నది చెప్పండి. నేనూ వస్తాను."

రైల్వే క్వార్టర్లో ఓంకార్ అమ్మ హైమావతి దురద పుట్టిన చేతులు రుద్దుకుంటూ అంతా విన్నది. కొడుకు "తప్పు నాదేనమ్మా" అన్నాక వాడి తల నిమిరింది.

"పోనీలేరా. నువ్వు మానమన్నావు, మానీసేను. ఈ పిల్ల ఏసుకోమంటే ఏసుకుంటాను. ఎన్నాళ్ళమ్మా?"

"జీవితాంతం ఆంటీ. ఒక్క పూట కూడా మానకూడదు."

"అచ్ఛా. అయితే వీణ్ణి నమ్మను. రోజూ నువ్వే ఇయ్యాల."

ఝాన్సీ చెవులు ఎర్రబడ్డాయి. "ముందు మీ అబ్బాయిని అడగండి."

ఓంకార్ తల ఊపాడు, ఒకసారి కాదు, మూడుసార్లు.

"వాడిదేటి, ఎప్పుడో ఒప్పుకున్నాడు." హైమావతి అరచెయ్యి చాపింది. "ఇయ్యి, కోడలుపిల్లా."

ఝాన్సీ మాత్ర ఇచ్చింది.