నాలుగు వేళ్ళ సందు

"ఉలవలు ఎండినాయా?"

"ఇంకా పచ్చిగానే ఉండాయి."

కోడ్ సరిపోయింది. ఫోన్‌లో చీఫ్ మునినారాయణ గొంతు తగ్గించాడు.

"కిశోర్, నెమలి దొరికిపోయింది."

చింతామణి బస్టాండులో బఠాణీలు అమ్మే వేషంలో ఉన్న ఏజెంట్ కిశోర్ తట్ట కిందికి దించాడు. నెమలి అంటే డబుల్ ఏజెంట్. రెండేండ్లుగా విదేశీ ముఠాలో ఉంటూ మనకు కబుర్లు పంపుతోంది. నల్ల కళ్ళజోడు, పట్టుచీర, ఎర్ర స్పోర్ట్స్ కారు. అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు.

"కారు కింద బాంబు కట్టినారు. ఆమె సీటు మీంచి లేస్తే పేలుతుంది. లేవకపోయినా టైమర్ ఉండాది. ఆంజనప్ప షెడ్డుకు నడుపుకొని వచ్చింది. ముఠా నాయకుడి పేరు తనకు తెలుసంటోంది. ఆ పేరు తీసుకో. వచ్చెయ్."

"ఆమె?"

"గౌరిబిదనూరులో ఇట్లాంటి కారుకే జాకీ పెట్టినారు. కారు వాలింది. మనోళ్ళు ఇద్దరు పోయినారు. ఆశ పెట్టుకోవద్దు."

ఆంజనప్ప ఇల్లు మురుగమల్ల దారిలో ఉంది. పైకి ముసలి మెకానిక్కు, లోపల డిపార్ట్‌మెంట్ మనిషి. ఇంటి వెనక రేకుల షెడ్డులో కార్లను ఎత్తే లిఫ్ట్. రెండు ఇనుప కంబాలు, వాటికి నాలుగు ఇనుప చేతులు. కంబాల మధ్య ఎర్ర కారు ఆగి ఉంది. స్టీరింగ్ ముందు నెమలి. లిప్‌స్టిక్ చెరగలేదు. చెమట మాత్రం కారుతోంది.

"పేరు చెప్పమ్మా," అన్నాడు కిశోర్.

"చెప్తే పోతావు."

కిశోర్ చూపు షెడ్డు వాకిలి వైపు పోయింది.

"చూసినావా! లిఫ్ట్ ఎక్కించప్పా. దిగినాక చెప్తా."

ఆంజనప్ప విసుక్కున్నాడు. "యాడ ఎక్కించేది? దీని కడుపు కింద నాలుగు వేళ్ళ సందు. లిఫ్ట్ చేయి ఆరు వేళ్ళ లావు. ఎట్ల దూరేది? ఇది కారామ్మా, నేలకు అంటుకున్న జెర్రినా?"

కిశోర్ పెన్ను మూత తిప్పాడు. సన్నటి కమ్మీ కొసన అద్దం బయటికొచ్చింది. దాన్ని కారు కిందికి తోశాడు. టైమర్ ఎర్ర అంకెలు తగ్గుతున్నాయి. పక్కన గాజు గొట్టం, అందులో పాదరసం. రోడ్డు వాలుకు ఓర్చుకుంటుంది. అంతకు మించి కారు వాలితే బాంబు పేలుతుంది. జాకీ పెడితే ఒక పక్క లేస్తుంది. పలక మీదికి ఎక్కిస్తే ముందు మూతి లేస్తుంది. లిఫ్ట్ అయితే వాలకుండా లేపుతుంది, దాని చేయేమో దూరదు. ఏది తలచినా చావే.

"నువ్వు పో అప్పా," అంది నెమలి మెల్లగా. ఈసారి బేరం ఆడలేదు.

బయట రోడ్డు మీద రైతులు కోసిన ఉలవకట్టె పరిచారు, బండ్లు తొక్కి గింజ రాలాలని. ఒక లారీ దాని మీద పోయింది. నెమలి తల తిప్పి విన్నది.

"మా ఊర్లో ఇట్లే పరుస్తారు. ముందు చక్రాలు, వెనక చక్రాలు అన్నీ కట్టె మీదనే ఉంటాయి. బండి ఎత్తు పెరుగుతుంది, వాలదు."

కిశోర్ లేచాడు. "ఆంజనప్పా, బండలు ఉండాయా?"

"షెడ్డు వెనక ఉండాయి. మూడు వేళ్ళ మందం."

నాలుగు టైర్ల ముందూ ఒక్కో బండ పెట్టారు. బండల అంచులకు ఉలవకట్టె ఒత్తుగా కొట్టి వాలు చేశారు.

"నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కల్ల. మెల్లగా రా అమ్మా," అన్నాడు కిశోర్.

కారు కదిలింది. కట్టె నలిగింది. గాజు గొట్టంలో పాదరసం వణికింది, నిలబడింది. కారు బండల మీదికొచ్చింది.

ఏడు వేళ్ళ సందు!

ఇనుప చేతులు దూరాయి. ఆంజనప్ప బటన్ నొక్కాడు. కారు లేస్తుండగా పొగ వాసన వచ్చింది. వేడి సైలెన్సర్‌కు చుట్టుకున్న ఉలవకట్టె మండుతోంది. మంట బాంబు వైపు పాకుతోంది.

"నీళ్ళు!"

ఆంజనప్ప మూలనున్న బిందె ఎత్తి నీళ్ళు మంట మీదికి విసిరాడు. ఆ నీళ్ళలో, పొగలో, కిశోర్ కట్టర్ పైకెత్తాడు. అంకె ఒకటికి దిగింది. వైరు తెగింది.

ఎర్ర అంకెల వెలుగు ఆరిపోయింది.

లిఫ్ట్ దించాక నెమలి నేల మీద కాలు పెట్టింది. కొంగుతో చెమట తుడుచుకుంది.

"పేరు?" అడిగాడు కిశోర్.

"తెలీదప్పా. రెండేండ్లలో వాని మొగం గూడా చూడలేదు." కళ్ళజోడు తీసింది. "తెలీదని చెప్పింటే నన్ను ఎక్కించింటారా?"

కిశోర్ కట్టర్ జేబులో పెట్టుకున్నాడు. ముఠా అట్లే ఉంది. మళ్ళీ వస్తారు. ఈమెకు ఇక పోవడానికి చోటు లేదు.

ఫోన్ మోగింది. చీఫ్.

"పేరు చెప్పిందా?"

కిశోర్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ పేరేమమ్మా?"

"అక్కయమ్మ. మా ఊరు పాతపాళ్య."

"అక్కయమ్మ అంట సార్."

"అదెవరు? ముఠా నాయకుడా?"

"కాదు సార్, నెమలి పేరు. నాయకుడు యాడనో బతికే ఉండాడు. ఈమె గూడా ఉండాది."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఆంజనప్ప తడిసిన ఉలవకట్టెను కాలితో ఒక పక్కకు తోశాడు.

"ఈసారన్నా కొంచెం ఎత్తుండే కారు కొనమ్మా అక్కయమ్మా," అన్నాడు.