తొలిరక్తం

ఉదయం ఏడింటికే విశాఖ రేవు బస్సు కిక్కిరిసింది. పొట్టమీద బిడ్డలున్న పొదిసంచులు కట్టుకున్న తల్లులకు జనం సీట్లు వదిలారు. రేవులో క్రేన్ నడిపే ఈశ్వరి మాత్రం కూర్చోలేదు. తన సంచి అద్దంలోంచి కొడుకు పెదాలనే చూస్తోంది. నేరేడు రంగుకు తిరిగాయి. పనికి వెళ్లకుండా ఆసుపత్రి దగ్గర దిగిపోయింది.

పదో వారానికే కాన్పు చేసి, బిడ్డను పొదిసంచిలో పెంచడం మొదలై పన్నెండేళ్లయింది. వాలబీ అనే చిన్న కంగారూ పిల్ల పప్పుగింజంత పుట్టి తల్లి సంచిలో పెరుగుతుంది. అప్పుడు దాని రక్తం వేరు, ఎదిగాక వేరు. ఆ తొలిరక్తాన్ని తయారుచేసే గ్లోబిన్ జన్యువునే ఈ బిడ్డలకు అమర్చారు. నెలలు నిండగానే అది ఆగి, మనిషి రక్తం మొదలవ్వాలి.

"వీడికి నెలలు నిండినా ఆగలేదమ్మా," అంది డాక్టర్ నజీమా. "తొలిరక్తం ప్రాణవాయువును గట్టిగా పట్టుకుంటుంది. ఎదిగిన ఒంటికి చాలినంత వదలడం లేదు."

"మందు లేదా అండీ?"

"లేదు. వాలబీ సంచిలోకి బయటిగాలి వస్తూ పోతూ ఉంటుంది. మనం లోపల ప్రాణవాయువు నింపి, బయటిగాలి చొరకుండా మూసేశాం. చల్లగాలి తగిలితే రక్తం మారుతుందని నా నమ్మకం. ఇద్దరికి మారింది."

"ఎంతమందిలో?"

నజీమా చూపు సంచి అద్దం మీదికి మళ్లింది. "ముగ్గురిలో."

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల భయంతో, సంచి తల్లి బొటనవేలికే తెరుచుకునేలా చేశారు. కాబట్టి గంటకోసారి ఈశ్వరే తెరవాలి. చెయ్యి లోపల పెట్టి, నజీమా వంద లెక్కపెట్టేదాకా బిడ్డను పట్టుకోవాలి. మొదటిసారి ముప్పైకే మూసేసింది. రెండోసారి కళ్లు మూసుకుంది.

"చూడాలమ్మా. మెడ వాలిస్తే వెంటనే మూయాలి."

చూసింది. గుప్పెడంత ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. నోరు తెరిచాడు గానీ ఏడుపు రాలేదు. ఈశ్వరి చెయ్యి తీయకుండా వంద దాకా పట్టుకుంది.

అలా నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు మధ్యాహ్నం పెదాలు ఎర్రబడ్డాయి. నజీమా రెండుసార్లు పరీక్షించి, "మారింది" అంటూ కుర్చీలో కూలబడింది.

సంచి విప్పేశారు. నర్సు చేతుల్లో బిడ్డ హాయిగా ఆవులించాడు. ఈశ్వరి ఆత్రంగా చెయ్యి చాపి బుగ్గ తాకింది.

ఆ చెయ్యి తగలగానే, మళ్లీ చల్లగాలి వస్తుందన్నట్టు వాడు ఊపిరి బిగబట్టాడు. ఒళ్లంతా కొయ్యబారిపోయింది.

నజీమా రక్తంలో ప్రాణవాయువు కొలిచే యంత్రం వైపు చూసింది. అందులో అంతా సవ్యంగానే ఉంది.

ఈశ్వరి చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది. "నాన్నా," అని మెల్లగా పిలిచింది. వాడు ఊపిరి వదిలేదాకా అలాగే, తాకకుండా నిలబడింది.